పరి: ధర్నా టెంట్ దగ్గరకి కెమెరాల కన్నా ముందే చేరే వెబ్‌సైట్

ఫోన్లకీ బిర్యానీ హోటళ్లకీ రివ్యూలు బోలెడు దొరుకుతాయి, పొద్దున లేస్తే చూసే వార్తలకి మాత్రం రివ్యూ రాసేవాళ్లు పెద్దగా కనిపించరు. ఛానల్ నచ్చకపోతే తిట్టుకుని రిమోట్ నొక్కేస్తాం, పేపర్ నచ్చకపోతే మడిచి పక్కన పడేస్తాం, అంతటితో సరి. నాకు ఈమధ్య బాగా అలవాటైపోయిన ఒక వార్తల సర్వీస్ గురించి కాస్త వివరంగా రాయాలనిపించింది. దాని పేరు పరి, అంటే పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా. జర్నలిస్ట్ పి. సాయినాథ్ 2014 డిసెంబర్‌లో మొదలుపెట్టారు. చదవడానికి పైసా కట్టక్కర్లేదు, యాడ్స్ లేవు, లాగిన్ గోల లేదు, ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ఇంకా చాలా భారతీయ భాషల్లోనూ ఉంటుంది. పల్లెల్లో జనం చేసే పనులు, వాళ్ల చేతివృత్తులు, పాటలు, పంటలు, వలసలు అన్నీ ఉంటాయి అందులో. నేను మాత్రం ఒక్క కోణంలోనే చెప్తాను. ఉద్యమాల గురించి తెలుసుకోవడానికి ఇది ఎంతవరకు పనికొస్తుంది? టీవీ, పేపర్ ఇవ్వనిది ఇది ఏమిస్తుంది?

ముందు మనకి మామూలుగా దొరికేదేంటో చూద్దాం. 2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకి దిగారు, నవంబర్ 25 దాకా 52 రోజులు నడిచింది, దగ్గర దగ్గర 48 వేల మంది కార్మికులు. దసరా సీజన్ కాబట్టి మొదటి రోజుల్లో టీవీ నిండా బస్టాండ్లలో నిలబడిపోయిన ప్రయాణికులు, ప్రైవేటు బళ్ల దోపిడీ, తాత్కాలిక డ్రైవర్లు. అవి అబద్ధాలు కావు, ఊరెళ్లాల్సినవాళ్లు నిజంగానే నానా తిప్పలు పడ్డారు. కానీ ఒక కండక్టర్ డ్యూటీ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది, సంస్థని ప్రభుత్వంలో కలపమని వాళ్లు ఎందుకంత గట్టిగా పట్టుబట్టారు, జీతం ఆగిపోయిన ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది అన్నవి మాత్రం వెతుక్కుని చదవాల్సి వచ్చింది. డ్యూటీకి రానివాళ్లు తమ ఉద్యోగం తామే వదులుకున్నట్టు అని ప్రభుత్వం అన్న "సెల్ఫ్ డిస్మిస్" మాట నెలన్నర పాటు స్క్రోలింగ్‌లో తిరిగింది, ఆ మాట పడిన మనిషి ఎవరో చాలామందికి తెలియకుండానే సమ్మె ముగిసిపోయింది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, 2011 మార్చి 10న తెలంగాణ రాష్ట్రం కోసం హైదరాబాద్‌లో జరిగిన మిలియన్ మార్చ్. పోలీసులు ఎక్కడికక్కడ దారులు మూసేసినా, ముందస్తు అరెస్టులు చేసినా జనం ట్యాంక్‌బండ్ మీదకి చేరారు. టీవీల పుణ్యమా అని ఆ రోజు గురించి చాలామందికి గుర్తుండిపోయింది కూలిన విగ్రహాలు. ఆ బొమ్మలు చూపించొద్దని నేననను, చూపించాల్సిందే. కానీ అన్ని అడ్డంకులు దాటుకుని ఏ మూలనుంచో ఎందుకొచ్చారో ఆ మనుషుల నోట వినిపించకపోతే చూసేవాడికి మిగిలేది గొడవ ఒక్కటే. నా కంప్లైంట్ అంతా ఇక్కడే ఉంది. ఉద్యమం కెమెరా ముందుకి వచ్చేసరికే దాని కథ సగం అయిపోయి ఉంటుంది, కెమెరాకి కావాల్సింది ఆ మిగిలిన సగంలో బాగా మండే ముక్క.

సాయినాథ్ ఈ మాటనే ఏళ్ల తరబడి వేరే రకంగా చెప్తూ వచ్చారు. పత్రికారంగంలో ఆయన పెద్ద చెయ్యి, ది హిందూలో చాలా ఏళ్లు గ్రామీణ వ్యవహారాల ఎడిటర్, 2007లో మెగసెసే అవార్డు వచ్చింది, మన వి.వి. గిరి గారి మనవడు. 2006లో ముంబైలో లాక్మే ఫ్యాషన్ వీక్ కవర్ చేయడానికి 512 మంది అక్రెడిటేషన్ తీసుకున్నారని, అదే రోజుల్లో విదర్భలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకుంటుంటే అక్కడ బయటి నుంచి వచ్చిన జర్నలిస్టులు పట్టుమని పదిమంది కూడా లేరని ఆయన చాలా సభల్లో చెప్పారు. ఆ ఫ్యాషన్ షోలో వేసుకున్నది పత్తి బట్టలే, పత్తి పండించినవాళ్లు చనిపోతున్న ఊళ్లు అక్కడికి విమానంలో గంట దూరం. ఇంకో లెక్క కూడా ఆయన తరచూ చెప్తారు. సెంటర్ ఫర్ మీడియా స్టడీస్ ఐదేళ్ల సగటు తీస్తే జాతీయ దినపత్రికల మొదటి పేజీలో పల్లెల నుంచి పుట్టిన వార్తలకి దక్కిన చోటు 0.67 శాతం. దేశంలో మూడింట రెండొంతుల మంది ఉండేచోటికి ఒక్క శాతం కూడా రాలేదు. ఈ కోపంలోంచే పరి పుట్టింది అనుకుంటే, ఉద్యమాల మీద వాళ్ల కథనాలు ఎందుకలా ఉంటాయో అర్థమవుతుంది.

ఎలా ఉంటాయో ఒకటి రెండు దగ్గరగా చూద్దాం. 2018 మార్చిలో నాసిక్ నుంచి ముంబైకి రైతులు నడిచారు కదా, సుమారు 180 కిలోమీటర్లు, ఎర్ర టోపీలు, ఎర్ర జెండాలు, చివరికి నలభై యాభై వేల మంది దాకా. మార్చి 6న నాసిక్‌లో బయల్దేరినప్పుడు పెద్ద ఛానళ్లకి అది పట్టలేదు. ముంబై పొలిమేర తాకాక, ఆ ఎర్రటి వరస ఫ్లైఓవర్ మీద పైనుంచి బ్రహ్మాండంగా కనిపించాక, అందరూ పరిగెత్తారు. పరి రిపోర్టర్ అప్పటికే వాళ్లతో నడుస్తున్నాడు. ఆ కథనాల్లో ఉన్నది ఆదివాసీ రైతులు, తరతరాలుగా అడవి అంచున దున్నుకుంటున్న నేలకి పట్టా లేనివాళ్లు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినా కాగితం చేతికి అందలేదు, ఫారెస్టు వాళ్లు ఎప్పుడొచ్చి వెళ్లగొడతారో తెలియదు. నడిచినన్ని రోజులూ కూలి పోయింది. చెప్పులు తెగిపోయి, పాదాలు బొబ్బలెక్కి చర్మం ఊడిపోయిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు, వాట్సాప్‌లో తెగ తిరిగాయి. ఫొటో చూసి అయ్యో అనుకుని ఊరుకోవడం వేరు, ఆ పాదాల మనిషికి అడవిలో ఎంత నేల ఉంది, దాని కాగితం ఏ ఆఫీసులో ఎందుకు ఆగింది అని తెలియడం వేరు.

పదో తరగతి పిల్లల పరీక్షలకి ట్రాఫిక్ ఇబ్బంది కాకూడదని వాళ్లు మార్చి 11 రాత్రి నిద్ర మానుకుని నడిచి తెల్లారేసరికి ఆజాద్ మైదానం చేరారు. పగలంతా నడిచి వచ్చిన కాళ్లవి. ఈ సంగతి ముంబై మీడియా కూడా గట్టిగానే చెప్పింది, చెప్పింది కాబట్టే ఆ నగరం వాళ్లకి నీళ్లు, బిస్కెట్లు, చెప్పులు పట్టుకుని ఎదురొచ్చింది. మీడియా తలుచుకుంటే ఏం చేయగలదో దానికి ఇదే రుజువు. అదే మీడియా నాసిక్‌లోనే తలుచుకుని ఉంటే అన్ని పాదాలు అలా అయ్యేవా అన్నది నా ప్రశ్న. మార్చి 12న ప్రభుత్వం రాతపూర్వకంగా హామీలిచ్చింది, జనం రైళ్లెక్కి వెళ్లిపోయారు, కెమెరాలూ వెళ్లిపోయాయి. పరి మాత్రం అక్కడితో ఆపలేదు, హామీలు అమలు కాక ఆ రైతులు మళ్లీ రోడ్డెక్కినప్పుడూ వాళ్ల దగ్గరకి వెళ్లింది. 2020 డిసెంబర్‌లో రెండు వేల మంది దాకా నాసిక్ నుంచి వాహనాలు మాట్లాడుకుని 1,400 కిలోమీటర్ల దూరం ఢిల్లీ వైపు బయల్దేరితే వాళ్ల వెంట చలిలో ప్రయాణం చేసి రాసింది. ఒకే జనాన్ని రెండు మూడేళ్ల పాటు వదలకుండా రాయడం అనే పని మన దగ్గర ఎవరు చేస్తున్నారో చెప్పండి.

ఢిల్లీ సంగతికే వస్తాను, ఎందుకంటే ఉద్యమానికీ మీడియాకీ సంబంధం పూర్తిగా తెగిపోవడం మనం కళ్లారా చూసింది అక్కడే. మూడు వ్యవసాయ చట్టాలు 2020 సెప్టెంబర్‌లో పాసయ్యాయి, నవంబర్ 26 నుంచి ఢిల్లీ సరిహద్దుల్లోని సింఘు, టిక్రీ, తర్వాత ఘాజీపూర్ దగ్గర రైతులు కూర్చున్నారు. కొన్ని ఛానళ్లు మొదటి వారాల్లోనే వాళ్లని ఖలిస్తానీలన్నాయి, పిజ్జాలు తింటున్నారన్నాయి. దాంతో రైతులు "గోదీ మీడియా"ని, అంటే ప్రభుత్వం ఒళ్లో కూర్చున్న మీడియాని, రానివ్వం అని బోర్డులు పెట్టారు, కొందరు రిపోర్టర్లు లోగో తీసేసిన మైకులు పట్టుకుని తిరగాల్సి వచ్చింది. రోజంతా అక్కడే నిలబడి నిజాయితీగా పని చేస్తున్న రిపోర్టర్ కూడా స్టూడియోలో యాంకర్ చేసిన పాపానికి తిట్లు తినాల్సి వచ్చింది, అది నాకు చాలా బాధగా అనిపించిన విషయం. రైతులే డిసెంబర్ 18న ట్రాలీ టైమ్స్ అనే నాలుగు పేజీల పత్రిక మొదలుపెట్టారు, పంజాబీలోనూ హిందీలోనూ. ట్రాక్టర్ ట్రాలీల్లో పడుకుంటూ, వంట చేసుకుంటూ, తమ వార్త తామే అచ్చేసుకున్నారు. జనవరి 26 ట్రాక్టర్ పరేడ్ రోజు ఎక్కువ మంది ఒప్పుకున్న దారిలోనే వెళ్లారు, టీవీలో మాత్రం రోజంతా కొందరు ఎర్రకోటలోకి చొరబడిన దృశ్యాలు ఒక్కటే. ఆ తర్వాత సరిహద్దుల్లో ఇంటర్నెట్ కోసేశారు. అంటే ఉద్యమం తన గొంతు తాను వినిపించుకునే దారి కూడా మూసుకుపోయింది.

అప్పుడు పరిలో నాకు బాగా పనికొచ్చింది ఏంటంటే, చట్టాల అసలు పాఠం తీసుకుని అందులో ఏముందో విడమర్చి చెప్పడం. ఛానళ్లలో చర్చంతా ఎంఎస్‌పీ (కనీస మద్దతు ధర) ఉంటుందా ఉండదా, పంజాబ్ దళారులు ఎగదోస్తున్నారా అన్న దగ్గరే గిరగిరా తిరుగుతుంటే, సాయినాథ్ ఆ డిసెంబర్‌లో రాసిన వ్యాసం మార్కెట్ యార్డు బయట అమ్మకాల చట్టంలోని సెక్షన్ 13, సెక్షన్ 15 దగ్గర ఆగింది. సెక్షన్ 13 ప్రకారం ఆ చట్టం కింద సదుద్దేశంతో చేసిన పని మీద కేంద్రం మీద గానీ రాష్ట్రం మీద గానీ అధికారుల మీద గానీ "మరే ఇతర వ్యక్తి" మీద గానీ కేసు వేయడానికి లేదు. సెక్షన్ 15 ప్రకారం ఆ తగాదాలు సివిల్ కోర్టుకి వెళ్లవు. ఆ "మరే ఇతర వ్యక్తి" ఎవరు అని ఆయన అడిగారు. కొనుక్కునే కంపెనీ కూడా అందులోకి వచ్చేస్తుంది కదా.

దీన్ని మన దగ్గర పెట్టి చూడండి. గుంటూరు జిల్లాలో ఒక కౌలు రైతు మిర్చి యార్డు బయట, పాన్ కార్డు తప్ప ఇంకే లైసెన్సూ అక్కర్లేని వ్యాపారికి అమ్మాడనుకుందాం. చట్టం ప్రకారం డబ్బు ఆ రోజే లేదా మూడు పనిదినాల్లో రావాలి. రాలేదు. ఇతను కోర్టుకి పోలేడు, సబ్ డివిజన్ అధికారి దగ్గరకి పోవాలి, అక్కడ తేలకపోతే కలెక్టర్. రెవెన్యూ ఆఫీసు చుట్టూ ఒకసారి తిరిగిన ఏ రైతునైనా అడగండి, అక్కడ పని ఎన్నాళ్లకి అవుతుందో. ఇంత పెద్ద విషయం, రైతుకే కాదు కోర్టు తలుపు తట్టే హక్కున్న ప్రతివాడికీ సంబంధించిన విషయం, ప్రైమ్ టైమ్ చర్చల్లో నలుగురు అరుచుకుంటుంటే నాకు ఒక్కసారి కూడా వినిపించలేదు. చట్టాన్ని సమర్థించినా వ్యతిరేకించినా ముందు అందులో ఏముందో తెలియాలి కదా, ఆ కనీస పని ఈ వెబ్‌సైట్ చేసింది.

2021 నవంబర్ 19న చట్టాలు వెనక్కి తీసుకుంటామని ప్రధాని ప్రకటించారు, 29న పార్లమెంటులో రద్దు బిల్లు పాసయింది, డిసెంబర్‌లో రైతులు టెంట్లు పీక్కుని ఇళ్లకి వెళ్లారు. ఆ ప్రకటన వచ్చిన వెంటనే సాయినాథ్ రాసిన వ్యాసంలో సగం రైతుల గెలుపు గురించి, మిగతా సగం మీడియా ఓటమి గురించి. పెద్ద మీడియా సంస్థల యజమానుల వ్యాపారాలు ఏమిటో, ఈ చట్టాల మీద వాటికి ఎందుకు ఆసక్తో చెప్పకుండా ఉద్యమం గురించి మాట్లాడటం కుదరదని ఆయన వాదన. గెలుపు రోజు కూడా కొన్ని ఛానళ్లు ఇది రైతుల పోరాట ఫలితం అని ఒప్పుకోలేక, ప్రభుత్వం చేసిన పెద్దమనసు అనో, యూపీ ఎన్నికల లెక్క అనో చెప్పుకున్నాయి. ఎన్నికల లెక్క ఉండొచ్చు. కానీ ఏడాది పాటు చలికీ ఎండకీ వానకీ రోడ్డు మీద కూర్చున్నవాళ్లు లేకపోతే ఆ లెక్క ఎక్కడినుంచి వస్తుంది?

మీడియా అంటే ఉద్యమానికి ఎప్పుడూ శత్రువే అని అనేస్తే అది తప్పు, మన చరిత్రే ఒప్పుకోదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు, 1992లో ఈనాడు దాన్ని భుజానికెత్తుకుని రోజూ ప్రత్యేకంగా పేజీ ఇచ్చింది. అక్షరాస్యత కార్యక్రమంలో అప్పుడప్పుడే చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లకి తమ ఊరి కథే పాఠం అయింది, ఆ పాఠం విని పక్క ఊళ్లు కదిలాయి, పేపర్లో చదివి పక్క జిల్లాలు కదిలాయి. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా ఆగింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం తెచ్చారు, 1997లో అది సడలిపోయింది. ఒక పెద్ద పత్రిక వెనక నిలబడితే ఒక పల్లె గొంతు సెక్రటేరియట్ దాకా వినిపిస్తుందని ఇది చూపించింది. కానీ ఆ అండ ఎన్నాళ్లుండాలి, ఏ ఉద్యమానికి ఉండాలి అన్నది పత్రిక యజమాని ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది, ఉద్యమం చేసే మనిషి చేతిలో ఉండదు. ఇప్పుడు మన రాష్ట్రాల్లో ఏ పేపర్ ఏ పార్టీదో పాఠకుడికి ముందే తెలుసు. ఒకే టెంట్ గురించి రెండు పేపర్లు చదివితే ఒకదాంట్లో త్యాగమూర్తులు, ఇంకోదాంట్లో పెయిడ్ ఆర్టిస్టులు కనిపిస్తారు. ప్రభుత్వం మారగానే ఆ పేపర్లు పాత్రలు కూడా మార్చేసుకుంటాయి.

అందుకే అమరావతి మీద పరిలో వచ్చిన కథనాలు చదవమని చెప్తాను. మూడు రాజధానుల ప్రకటన తర్వాత 2019 డిసెంబర్ 17న మొదలైన దీక్షల గురించి మనందరికీ తెలుసు. ఈ కథనాలు అంతకన్నా ముందువి. రాజధాని కోసం రైతుల భూములు తీసుకున్న ల్యాండ్ పూలింగ్‌లో 33 వేల ఎకరాలకు పైగా పోయాక అక్కడ పొలం లేని కూలీలకి పని ఏమైంది, మల్లెపూలు కోసేవాళ్లూ కూరగాయల తోటల్లో చేసేవాళ్లూ ఎటు వెళ్లారు, నెలకి 2,500 రూపాయల పెన్షన్ ఎంతవరకు వచ్చింది, పట్టా భూమికి ఒక ప్యాకేజీ, దళితుల చేతుల్లోని అసైన్డ్ (ప్రభుత్వం పేదలకి పంచిన) భూమికి అంతకన్నా తక్కువ ప్యాకేజీ ఎందుకైంది, ఇవన్నీ ఊరి పేర్లతో సహా ఉన్నాయి. ఆ రోజుల్లో రాజధాని అంటే మన పేపర్లలో సింగపూర్ బొమ్మలు, గ్రాఫిక్స్. ఆ తర్వాత రాజధాని అంటే దీక్షా శిబిరాలు, లాఠీచార్జీలు. ఈ రెండింటి మధ్య కౌలు రైతు, కూలీ, అసైన్డ్ రైతు ఎక్కడా పూర్తిగా కనిపించలేదు. ఈ కథనాలు చదివాక, మీరు ఏ పార్టీ వైపు ఉన్నా సరే, అమరావతి రైతులు అంటే అందరూ ఒక్కటి కాదని అర్థమవుతుంది, ఉద్యమం లోపల కూడా ఎవరి గొంతు పెద్దది, ఎవరిది చిన్నది అన్న లెక్క ఉంటుందని అర్థమవుతుంది.

ఇక లోపాలు. మొదటిది, ఇది రోజువారీ వార్తలకి పనికిరాదు. ఈ రోజు కలెక్టరేట్ ముట్టడిలో ఏమైంది, ఎంతమందిని స్టేషన్‌కి తీసుకెళ్లారు అన్నది కావాలంటే టీవీయో పేపరో తప్పదు. పరి కథనం రావడానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. అది వాళ్ల పద్ధతి, నాకు అభ్యంతరం లేదు, కానీ ఇది ఒక్కటి చదివితే చాలు అనుకోవద్దు. రెండోది, వాళ్లు ఎటువైపో దాచుకోరు. రైతు చట్టాలని సమర్థించిన ఆర్థికవేత్తలూ ఉన్నారు, యార్డుల్లో కమీషన్ ఏజెంట్ల పట్టు విడిపించాలి అన్న వాళ్ల వాదనలో ఆలోచించాల్సిన విషయం ఉంది, అది పూర్తిగా వినాలంటే వేరే చోట చదవాలి. మూడోది, ఉద్యమం లోపలి రాజకీయం ఇక్కడ తక్కువ. సంఘాల మధ్య గొడవలు, ఎవరు ఎవరితో చర్చలు జరిపారు, ఢిల్లీ నుంచి తిరిగొచ్చాక పంజాబ్‌లో కొన్ని సంఘాలు పార్టీ పెట్టి 2022 ఎన్నికల్లోకి ఎందుకు దిగాయి, ఇలాంటివాటికి ఇది చోటు కాదు. మామూలు మనిషి మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లు నాయకుడిని కూడా అంతే దగ్గరగా నిలదీస్తే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఉద్యమాల మీద ప్రేమ ఉన్నవాళ్లే ఆ పని చేయాలి, లేకపోతే అది చేసేది ఉద్యమం పోవాలని కోరుకునేవాళ్లే.

చదవడం తేలికే. ఫోన్‌లో బాగానే తెరుచుకుంటుంది, కథనం దగ్గర భాష మార్చుకునే వీలుంది, తెలుగు ఎంచుకుంటే చాలు. ఫొటోలు చాలా ఉంటాయి, డేటా తక్కువున్నవాళ్లు కాస్త చూసుకోవాలి. చివర్లో అనువాదం చేసినవాళ్ల పేరు కూడా వేస్తారు, ఈ మర్యాద మన చాలా పత్రికల్లో కనిపించదు. అనువాదకులు చాలామంది కాబట్టి తెలుగు నడక ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకి ఒకటి రెండు చదివి వినిపించండి, వ్యవసాయం చేసినవాళ్లయితే మధ్యలో ఆపి తమ సంగతులు చెప్పడం మొదలుపెడతారు.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చూపించేది ధర్నా వార్త కూడా కాదు, హౌసాబాయి పాటిల్ కథ. స్వాతంత్ర్య పోరాటంలో సతారా ప్రతి సర్కార్ (బ్రిటిష్ వాళ్లకి పోటీగా నడిపిన ప్రభుత్వం), దాని దళం తూఫాన్ సేన అని ఉండేవి, ఆమె అందులో మనిషి. 1943లో మహారాష్ట్రలో ఒక పోలీస్ స్టేషన్ ముందు ఆమె, తోటి కార్యకర్త ఒకరు మొగుడూ పెళ్లాల్లా నటిస్తూ కొట్టుకున్నారు. ఆమె నిజంగానే దెబ్బలు తింది. పోలీసులు బయటికొచ్చి గొడవ ఆపుతుంటే దళంవాళ్లు లోపలికెళ్లి ఆయుధాలు ఎత్తుకెళ్లారు. అది జరిగి డెబ్బై ఏళ్లు దాటాక పరి వాళ్లు వెళ్లి అడిగితే ఆ దెబ్బల గురించి ఆమె చెప్పిన తీరు చదవండి. 2018 నవంబర్ చివర్లో రైతులు ఢిల్లీకి వెళ్లి వ్యవసాయ సంక్షోభం మీద పార్లమెంటు ప్రత్యేక సమావేశం పెట్టమని అడిగినప్పుడు, తొంభై దాటిన హౌసాబాయి వాళ్లకి మద్దతుగా మాట్లాడారు, ఆ వీడియో కూడా ఉంది. 1943 ఉద్యమకారిణి 2018 ఉద్యమానికి తన మాట పంపింది, దానికి దారి అయింది ఈ చిన్న వెబ్‌సైట్. 2021లో ఆమె పోయారు.

ఆ తర్వాత తిరగలి పాటల ప్రాజెక్టుకి వెళ్లండి. మహారాష్ట్ర పల్లెల్లో ఆడవాళ్లు తెల్లవారుజామున తిరగలి తిప్పుతూ పాడుకున్న పాటలు, లక్షకు పైగా సేకరించినవి, పరిలో ఆడియోతో, అనువాదంతో విడతల వారీగా వస్తాయి. అందులో బాబాసాహెబ్ అంబేడ్కర్ మీద పాటలే బోలెడు ఉన్నాయి. ఏ పత్రికా వాళ్ల దగ్గరకి రాని రోజుల్లో కులం మీద పోరాటం కబురు ఒక వాడ నుంచి ఇంకో వాడకి ఇలా పాటై వెళ్లింది. తెలంగాణ ఉద్యమంలో మన ధూం ధాం పాటల వేదికలు చూసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, తెలంగాణ మాట టీవీ స్టూడియోల్లోకి వెళ్లకముందే గోచీ గొంగడి కట్టిన పాటగాళ్లు ఊరూరా చెప్పేశారు.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. చదవడానికి ఉచితం అంటే తయారుచేయడానికి ఉచితం అని కాదు. యాడ్స్ తీసుకోరు కాబట్టి విరాళాల మీద, వాలంటీర్ల శ్రమ మీద నడుస్తోంది, వెనక కౌంటర్ మీడియా ట్రస్ట్ ఉంది, సైట్‌లోనే విరాళం ఇచ్చే చోటుంది. నెలకి ఓటీటీలకి కట్టేదాంట్లో కొంచెం ఇటు ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వండి. మీడియా అమ్ముడుపోయింది అని మనం రోజూ తిట్టుకుంటాం, ఎవరు కొన్నారో వాళ్ల వార్తే వస్తుంది మరి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి సొంతూరి గురించి బెంగపడే మనవాళ్లకి కూడా ఇదే మాట. అన్నట్టు అక్కడి రచనలు క్రియేటివ్ కామన్స్ కింద ఉంటాయి, పేరు వేసి, వాళ్ల నియమాలు చూసుకుని మన చిన్న పత్రికలవాళ్లు వాడుకోవచ్చు.

నాకు బాగా కావాలనిపించేది ఒకటుంది, తెలుగులోనే పుట్టిన కథనాలు ఇంకా ఎక్కువ రావాలి. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు ఆంధ్రలో అంగన్‌వాడీ వర్కర్లు, హెల్పర్లు సమ్మె చేశారు, మధ్యలో అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు, అయినా కదలలేదు. ఊళ్లో పిల్లలకి పప్పన్నం వండిపెట్టి, గర్భిణులకి గుడ్లు, పాలు లెక్కపెట్టి ఇచ్చి, ఆ లెక్కంతా మళ్లీ యాప్‌లో ఎక్కించే మనిషి రోజు ఎలా గడుస్తుందో రాయడానికి ఢిల్లీ నుంచి ఎవరూ రానక్కర్లేదు, ఆ పక్క వీధిలో ఉన్నవాళ్లే రాయొచ్చు. పరి బయటివాళ్ల రచనలు, ఫొటోలు, వీడియోలు తీసుకుంటుంది, ఎలా పంపాలో సైట్‌లో ఉంది. పరి ఎడ్యుకేషన్ అని విద్యార్థుల కోసం విడిగా ఒక విభాగం కూడా నడుపుతున్నారు, డిగ్రీ పిల్లలు తమ ఊరి గురించి రాసినవి వాళ్ల పేరుతోనే అందులో వస్తాయి. జర్నలిజం చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, ఏదైనా ఛానల్‌లో ఇంటర్న్‌షిప్ కోసం తిరిగే ముందు, మీ మండలంలో ఈ మధ్య సమ్మె చేసి ఓడిపోయిన మనిషెవరో కనుక్కుని ఒక వారం ఆ మనిషితో తిరిగి రాసి పంపమనండి.